కార్టిసాల్ నార్మల్ అంటున్నారు, మనిషి మాత్రం లేవడం లేదు

వరిచేను: రాత్రంతా వెతికాను, తలనొప్పి తప్ప ఏమీ మిగల్లేదు. నాన్నగారికి 58 ఏళ్లు. మూడు నెలలుగా మంచం దిగడం లేదు. అన్నం చూస్తేనే వికారం, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. రక్తంలో సోడియం 121, బాగా తక్కువట. ఉప్పు పెంచమన్నారు, పెంచాం. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ నార్మల్, కార్టిసాల్ అనే హార్మోను 4.1, అదీ నార్మలేనట. ఇంకేమి చేయించాలి?

నాడిపట్టు: రక్తం ఎన్ని గంటలకు తీశారు?

పదకోశం: కార్టిసాల్‌ను అదుపు చేసేది పీయూష గ్రంథి, ఇంగ్లీషులో పిట్యూటరీ. పిట్యూటరీ అనే మాటకు మూలం లాటిన్‌లో శ్లేష్మం. ముక్కులోకి చీమిడి కార్చే గ్రంథి అనుకున్నారు పూర్వులు. మన మాట ఎంత అందమైనదో చూడండి, పీయూషం అంటే అమృతం!

గోదారిగట్టు: జున్నుపాలు అని కూడా అర్థం ఉంది. అడిగినదానికి జవాబు చెప్పండి స్వామీ.

వరిచేను: సాయంత్రం ఐదింటికి. దానికేముంది?

నాడిపట్టు: కార్టిసాల్ ఉదయం ఎనిమిది ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రానికి సగానికి సగం దిగుతుంది. సాయంత్రపు 4.1తో ఏదీ తేలదు. ఈమధ్య పెద్ద జబ్బు గానీ, ఆపరేషన్ గానీ?

వరిచేను: ఆపరేషన్ లేదు. కిందటేడు కోతలప్పుడు రక్తపింజరి కరిచింది. కిడ్నీలు దెబ్బతిని ఐదుసార్లు డయాలసిస్ చేశారు. అది తగ్గిపోయింది కదా అని ఇక్కడ రాయలేదు.

నాడిపట్టు: మొదట రాయవలసింది అదేనండీ! ఆ విషం చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టిస్తుంది, రక్తస్రావమూ చేయిస్తుంది. కొందరిలో పిట్యూటరీ దెబ్బతింటుంది, నెలల తర్వాత, ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అప్పుడు టీఎస్‌హెచ్‌ను నమ్మకూడదు, థైరాయిడ్ హార్మోనునే కొలిచే ఫ్రీ టీ4 చూడాలి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా ఆ మాత్ర ముందు వేయకూడదు, కార్టిసాల్‌కు బదులు ఇచ్చే స్టెరాయిడ్ హైడ్రోకార్టిసోన్ తర్వాతే. 121తో ఇంట్లో ఉంచకండి, ఈరోజే ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గోదారిగట్టు: స్టెరాయిడ్లా? మా మేనత్తకు ముఖం ఉబ్బిపోయింది, ఎముకలు గుల్లబారాయి.

నాడిపట్టు: ఆవిడకు ఇచ్చింది అదనం. ఇక్కడ ఒంట్లో లేనిదాన్ని భర్తీ చేయడం, రోజుకు 15–25 మిల్లీగ్రాములు. జ్వరం వస్తే డాక్టరు చెప్పినట్టు పెంచాలి. సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

వరిచేను: ఇంకొకటి. నాన్న గడ్డం గీసుకుని నాలుగు నెలలు. పెరిగితే కదా! రేజరు మీద దుమ్ము పట్టింది. నీరసం అనుకున్నాం.

నాడిపట్టు: అదీ పిట్యూటరీ దెబ్బతిన్న గుర్తే కావచ్చు, డాక్టరుకు ఆ మాట కూడా చెప్పండి.

పదకోశం: రక్తపింజర అనాలా, రక్తపింజరి అనాలా?

గోదారిగట్టు: మా వైపు పొడపాము అంటారు.

వరిచేను: చేర్చాం. ఉదయం కార్టిసాల్ 1.2 వచ్చింది. ఇంజెక్షన్ ఇచ్చాక ఇడ్లీ అడిగారు. రేపు ఎమ్మారై. థాంక్సండీ, ఫోనులో ఛార్జింగ్ లేదు.