అప్‌డేట్: లైట్ ఆరింది, కన్వర్టర్ మార్చలేదు

మా పాత పెట్రోల్ సెడాన్‌లో చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోంది, కేటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగం) సరిగా పనిచేయట్లేదని చెప్పే పీ0420 కోడ్ వస్తోంది, కన్వర్టర్ మార్చాల్సిందే అంటున్నారు, నిజమేనా అని అడిగాను కదా. అక్కర్లేకపోయింది. ముందు సైలెన్సర్ లైన్‌లో లీకు చూడమని మీలో ఒకరన్నారు, విజయవాడ ఆటోనగర్‌లో బండి పైకెత్తించి చూస్తే కన్వర్టర్‌కి ముందున్న జాయింటు దగ్గర గాస్కెట్ (సందు మూసే పొర) కాలిపోయి చుట్టూ నల్లటి మసి. అక్కడ బయటిగాలి లోపలికి లాగి కన్వర్టర్ వెనక పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ లెక్క తప్పుతోందట. కన్వర్టర్ బాగుంటే ఆ సెన్సర్ వోల్టేజీ దాదాపు నిలకడగా ఉండాలి, కన్వర్టర్‌కి ముందుండే సెన్సర్‌దే 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగాలి. మాదాంట్లో రెండూ ఊగుతున్నాయి! కొత్త గాస్కెట్ వేయించి (తుప్పుపట్టిన బోల్టులు విప్పడానికే సగం పూట పోయింది) కోడ్ చెరిపేసి గుంటూరు దాకా వెళ్లొచ్చాం. వెనకది ఇప్పుడు 0.7 దగ్గర కుదురుగా ఉంది. బండి కిందికి తొంగైనా చూడకుండా కన్వర్టర్ అన్నాయన దగ్గరికి మాత్రం ఇక వెళ్లను.