చెక్‌అవుట్‌లో రూపాయలు ఎంచుకోవాలా, డాలర్లా?

ప్రశ్న:
అమెరికా సైటులో 100 డాలర్ల వస్తువు కొనాలి. కార్డు నంబరు ఇవ్వగానే "రూపాయల్లో కట్టండి" అని 8,925 చూపిస్తోంది, కిందే డాలర్ల ఆప్షన్ కూడా ఉంది. కార్డు మన బ్యాంకుదే, ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీలో కొంటే బ్యాంకు వేసే అదనపు రుసుము) 3.5 శాతం. రూపాయల్లో కడితే ఆ మార్కప్ తప్పుతుందా? పేపాల్ నయమా?

లెక్కలచిట్టా:
డాలర్లే ఎంచుకోండి. అక్కడ రూపాయల్లోకి మార్చేది మీ బ్యాంకూ కాదు, కార్డు నెట్‌వర్క్ అయిన వీసా కూడా కాదు. ఆ దుకాణం తరఫున డబ్బు వసూలు చేసే పేమెంట్ కంపెనీ. దీన్నే డీసీసీ అంటారు, డైనమిక్ కరెన్సీ కన్వర్షన్. వాళ్ల లాభం రేటులోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఫీజు అనే మాట ఎక్కడా కనపడదు.

వీసా రేటు డాలరుకు 85 అనుకుందాం. డాలర్లలో కడితే 8,500. దానిమీద మార్కప్ 297.50, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ 53.55. మొత్తం 8,851.05. అంటే మీ కార్డుకు అసలు ఖర్చు 3.5 కాదు, 4.13 శాతం. రూపాయల్లో 8,925 అంటే డాలరు 89.25 పడ్డట్టు, రేటులోనే 5 శాతం పోయింది. అంతటితో అయిపోదు. దుకాణం విదేశంలో ఉంటే రూపాయల లావాదేవీ మీద కూడా 1 శాతం, దానికి జీఎస్టీ వేసే బ్యాంకులు ఉన్నాయి. మీ బ్యాంకూ వేస్తే ఇంకో 105.32 కలిసి 9,030.32 అవుతుంది. అంటే 179 రూపాయలు ఉత్తపుణ్యానికి పోతాయి.

పోల్చేటప్పుడు గూగుల్ రేటు తీసుకోకండి. వీసా సైటులో రేటు కాలిక్యులేటర్ ఉంది, బ్యాంక్ ఫీజు గడిలో 0 పెట్టి చూడండి.

సరిహద్దుదాటినసరుకు:
పేపాల్‌లోనూ అదే తిరకాసు. కార్డు రూపాయలదని చూసి తనే మార్చేస్తుంది, రేటులో 4 శాతం దాకా కలుపుకొని. చెల్లించే ముందు, మార్పిడి రేటు చూపించే చోట కరెన్సీ మార్చే లింకు ఉంటుంది. అది నొక్కి, అమ్మినవాళ్ల కరెన్సీలోనే బిల్లు వేయమని ఎంచుకోండి. ఆ లింకు చిన్న అక్షరాల్లో ఉంటుంది, తొందరలో చాలామంది దాటేస్తారు.

లెక్కలచిట్టా గారి మాటకు చిన్న చేర్పు: రూపాయల్లో ధర కనపడిన ప్రతి సైటూ డీసీసీ కాదు. యూపీఐ, నెట్‌బ్యాంకింగ్ ఆప్షన్లు ఉంటే దాదాపుగా మన దేశంలోనే బిల్లు అవుతుంది, అప్పుడు మార్కప్ ఉండదు. కార్డు ఒక్కటే తీసుకుని, ఓటీపీ కూడా అడగకుండా డబ్బు తీసేస్తే బయటి లావాదేవీ అని అనుమానించండి.

వాపసుబాబు:
తిరిగి పంపే అవకాశమున్న వస్తువైతే ఇంకో నష్టం ఉంది. రిఫండ్ వచ్చిన రోజు రేటుతో లెక్క కడతారు, కొన్న రోజు రేటుతో కాదు. మార్కప్, దానిమీద జీఎస్టీ చాలా బ్యాంకులు వెనక్కివ్వవు. పై లెక్కలో రేటు కదలకపోయినా 351 పోయినట్టే. సైజు కుదురుతుందో లేదో తెలియని బట్టలు, చెప్పులు కొనేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

కొన్న వెంటనే వచ్చే ఎస్ఎంఎస్‌లోని మొత్తాన్ని కూడా ఖాయమనుకోకండి. సెటిల్‌మెంట్, అంటే బ్యాంకుల మధ్య డబ్బు చేతులు మారడం, అయ్యేది రెండు మూడు రోజుల తర్వాత, అసలు మొత్తం అప్పుడే తేలుతుంది. కొన్ని బ్యాంకులు మార్కప్‌ను స్టేట్‌మెంట్‌లో వేరే వరుసగా చూపిస్తాయి, కొన్ని ధరలోనే కలిపేస్తాయి.

డాలర్‌దారి:
ఏడాదికి నాలుగైదు సార్లు కొనేవాళ్లయితే జీరో మార్కప్ కార్డు చూసుకోండి. వార్షిక రుసుమును 0.0413తో భాగించండి. రుసుము 500 అయితే ఏడాదికి సుమారు 12,100 రూపాయల విదేశీ కొనుగోళ్లు దాటితేనే గిట్టుబాటు.

అమెరికాలో ఉంటూ ఇక్కడి సైట్లలో చీరలు, పచ్చళ్లు తెప్పించుకునేవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది: వాళ్లు రూపాయలు ఎంచుకోవాలి.

ఇక, అడగకుండానే రూపాయల్లోకి మార్చేశారా? వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల ప్రకారం ఆ ఎంపిక కొనేవాళ్లదే. డాలర్ల ధర ఉన్న ఇన్వాయిస్, చెక్‌అవుట్ స్క్రీన్‌షాట్ జతచేసి బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ లావాదేవీపై అభ్యంతరం) వేయండి. వీసాలో దీనికి విడిగా 12.3 అనే కోడ్ ఉంది.