బెయిలవుట్‌కి తెలుగు ఏది? గట్టెక్కించడమా, నీళ్ళు తోడడమా, పూచీ పడడమా?

అనువాదకురాలు:

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను, సాయం చేయండి. మూతపడే దశకొచ్చిన పెద్ద పెద్ద ఫ్యాక్టరీలను ప్రభుత్వాలు డబ్బు పోసి నిలబెట్టడం గురించి ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 'బెయిలవుట్' అనే మాట పేజీకి రెండు మూడు సార్లు వస్తోంది. మొదట్లో 'ఉద్దీపన' అని రాసుకుంటూ పోయాను. ఆరో పేజీకొచ్చేసరికి 'స్టిములస్' ఎదురైంది, అంటే మందగించిన ఆర్థిక వ్యవస్థకి ఊపు తేవడానికి ప్రభుత్వం చేసే ఖర్చు. ఉద్దీపన అంటే అది కదా! మళ్ళీ వెనక్కి వెళ్ళి అన్నీ కొట్టేశాను. 'ఆర్థిక సాయం' అంటే వరద బాధితులకు ఇచ్చేదిలా ఉంది. 'గట్టెక్కించడం' బాగుందనిపిస్తోంది గానీ, నామవాచకం కావాల్సిన చోట 'గట్టెక్కింపు' అని రాస్తే నాకే నవ్వొస్తోంది.

ఇంకో సంగతి. పత్రికలో కొత్తగా చేరిన రోజుల్లో నేనే ఒక వార్తకు 'కంపెనీకి ప్రభుత్వం బెయిల్' అని శీర్షిక పెట్టాను. అలాగే అచ్చయిపోయింది. మర్నాడు ఒకాయన ఫోన్ చేసి, చాలా మర్యాదగా, "ఏం కేసమ్మా అది?" అని అడిగారు. అప్పటినుంచి ఈ మాట కనబడితే టెన్షన్.

ఎకనామిక్స్ మాస్టారు:

మీరు పెట్టిన శీర్షిక మరీ అంత తప్పేం కాదమ్మా. ఇంగ్లీషులో బెయిల్‌లు రెండున్నాయి. కోర్టులో ఇచ్చేది ఒకటి. పడవలోకి చేరిన నీళ్ళను తోడి బయటపోయడం ఇంకొకటి. ఈ రెండోది పాత ఫ్రెంచిలో బాల్చీకి ఉన్న పేరు. కంపెనీలకు వాడే మాట ఈ రెంటిలో దేన్నుంచి వచ్చిందన్న దానిమీద భేదాభిప్రాయాలున్నాయి. చరిత్ర చూస్తే మాత్రం రెండూ కనబడతాయి.

1971లో అమెరికాలో లాక్‌హీడ్ విమానాల కంపెనీ మునగబోయింది. వాళ్ళ కొత్త విమానానికి ఇంజన్లు చేసివ్వాల్సిన బ్రిటన్ కంపెనీ రోల్స్‌రాయిస్ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే చేతులెత్తేసింది. దాన్ని అక్కడి ప్రభుత్వం సొంతం చేసుకుంది. అమెరికా ప్రభుత్వం అలా చేయలేదు, లాక్‌హీడ్ చేతికి నగదూ ఇవ్వలేదు. బ్యాంకులు ఇచ్చే 25 కోట్ల డాలర్ల అప్పుకి పూచీ పడింది. సెనేట్‌లో ఆ బిల్లు 49-48తో, ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. (చూశారా, మీ మాట ఇక్కడ ఎంత చక్కగా కూర్చుందో.)

తర్వాత క్రైస్లర్ కార్ల కంపెనీ. 1979 చివర్లో దానికోసం ఏకంగా ఒక చట్టమే చేశారు. అదీ పూచీయే, 150 కోట్ల డాలర్ల వరకు. కార్మికులు జీతాల్లో కోతకు ఒప్పుకున్నారు, అప్పులిచ్చినవాళ్ళు కొంత వదులుకున్నారు. 1983లో, గడువుకి ఏడేళ్ళు ముందే, కంపెనీ ఆ అప్పు తీర్చేసింది. పూచీ పడినందుకు ప్రతిగా తీసుకున్న వారంట్ల (అరెస్టు వారంట్లు కాదు, ముందే అనుకున్న ధరకి కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు పత్రాలు) మీద ప్రభుత్వానికి 30 కోట్ల డాలర్లకు పైగా మిగిలింది కూడా. ఇది అక్షరాలా జామీను. ముద్దాయి వాయిదాకి హాజరయ్యాడు, జామీనుదారు డబ్బు భద్రం.

2009 సంగతి వేరు. జనరల్ మోటార్స్‌లోకి అమెరికా ఖజానా నుంచి 4,950 కోట్ల డాలర్లు పోశారు. ఆ జూన్ 1న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, ప్రభుత్వం పెద్ద వాటాదారు అయింది. 2013 డిసెంబరులో చివరి వాటా అమ్ముకుని బయటపడేసరికి వెయ్యి కోట్ల డాలర్లకు పైగా తిరిగిరాలేదు. కంపెనీ బతికింది, అది ఒప్పుకోవాలి. కానీ దీన్ని పూచీ అనలేం. ఇది బాల్చీ పని.

ఇక 'గట్టెక్కించడం' మీద నా అభ్యంతరం. గట్టెక్కించాం అన్నామంటే గట్టు వచ్చేసినట్టే, పని పూర్తయినట్టే. ఇంగ్లీషు మాటలో గట్టు లేదు. పడవ ఇంకా నడి ఏట్లోనే ఉంది, చిల్లు అలాగే ఉంది, ఒకడు వంగి గబగబా నీళ్ళు తోడుతున్నాడు. చెక్ ఇచ్చిన రోజే 'గట్టెక్కించిన ప్రభుత్వం' అని రాస్తే, ఇంకా జరగనిదాన్ని జరిగిపోయినట్టు పాఠకుడికి చెప్పడమే.

లేత్ మెషిన్:

మాస్టారూ, చిల్లు ఎక్కడుందో నేను చెబుతా. ఇరవై రెండేళ్ళు లేత్ మీద నిలబడి పనిచేసినవాణ్ణి. మా యూనిట్‌లో ఇత్తడి వాల్వు బాడీలు చేసేవాళ్ళం. ఒక దశకొచ్చేసరికి బయటిదేశం నుంచి దిగిన వాల్వు, పాలిష్ పెట్టి డబ్బాలో వేసి ఉన్నది, మేం కొనే ఇత్తడి రాడ్డు ఖరీదుకే దొరకడం మొదలైంది. ఇంక కూలీ ఎక్కడ, కరెంటు ఎక్కడ? మా ఓనరు మొదట సెకండ్ షిఫ్ట్ తీసేశారు. ఆర్నెల్లకి ఆయనే ఆ సరుకు తెప్పించడం మొదలుపెట్టారు. మెషిన్ల మీద టార్పాలిన్ కప్పి, పక్కన అట్టపెట్టెలు పేర్చాం. చివరి ఏడాది నా పనేమిటంటే ఆ పెట్టెలు విప్పి, అవతలి దేశం పేరున్న స్టిక్కరు గోటితో గీకి, మా స్టిక్కరు అంటించడం. కూలింగ్ ఆయిల్ మరకలు పోయి చేతులు శుభ్రంగా ఉండేవి. ఇంట్లోవాళ్ళు ప్రమోషన్ వచ్చిందనుకున్నారు.

గేటు మీద బోర్డు మాత్రం 'తయారీదారులు' అనే ఉండేది. దీనికి తెలుగులో మాటేదైనా ఉందా?

ఇంకోటి. మాలాంటి చిన్న యూనిట్లకి బెయిలవుట్ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. మాకొచ్చింది బ్యాంకు నుంచి, బాకీ ఒకేసారి కట్టి తేల్చుకోమనే 'వన్ టైమ్ సెటిల్‌మెంట్' కాగితం.

ఎకనామిక్స్ మాస్టారు:

మీ బోర్డు తప్పు కాదు నాయనా, చాదస్తంగా చూస్తే. 'తయారు' అనేది ఉర్దూ నుంచి వచ్చిన మాట. అసలు అర్థం 'సిద్ధం'. మీ దగ్గర సరుకు సిద్ధంగానే ఉంది కదా, పెట్టెల్లో! చేయడం అనే పని ఆ మాటలో మొదట్లో లేదు. ఇంగ్లీషు 'మాన్యుఫాక్చర్'లో చెయ్యి ఉంది, లాటిన్‌లో చేత్తో చేయడం అని. ఇక మన 'పరిశ్రమ'లో ఉన్నది శ్రమే. మీ ఓనరు 'పరిశ్రమ' అని రాయించుకుని ఉంటే అది పచ్చి అబద్ధమయ్యేది.

చిన్నవాళ్ళకి ఎందుకు రాదంటే, మునిగితే ఎన్ని పడవలు వెంట మునుగుతాయన్నదే లెక్క. 1984లో అమెరికాలో కాంటినెంటల్ ఇల్లినాయ్ బ్యాంకును కాపాడినప్పుడు 'టూ బిగ్ టు ఫెయిల్' అన్నమాట బాగా వ్యాప్తిలోకొచ్చింది. దాన్ని 'విఫలం కాలేనంత పెద్దది' అని రాస్తున్నారు. అంటే విఫలం కావడం దానికి చేతకాదన్నట్టుంది. 'మునగనివ్వలేనంత పెద్దది' అనాలి. మునగడం దానికి బాగానే వచ్చు.

మూడో పాఠకుడు:

అదే వరసలో 'మోరల్ హజార్డ్' అనేదాన్ని 'నైతిక ప్రమాదం' అని రాసేవాళ్ళ చేయి పట్టుకుని ఆపాలి. ఎవరికో శీలం పోయినట్టుంది. ఎలాగూ ప్రభుత్వం ఆదుకుంటుందిలే అని ఒళ్ళు మరచి అప్పులు చేయడం గురించి కదా అది? 'ధీమా' అనే చక్కటి మాట ఉంది. 'ఆదుకుంటారన్న ధీమా' అంటే చాలు, ఎవరికైనా ఎక్కుతుంది.

సామెతలు కూడా ఉన్నాయి. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లన్న, ఓడ దిగాక బోడి మల్లన్న. పన్ను డబ్బుతో బతికి బట్టకట్టిన కంపెనీ, రెండేళ్ళకి కూలీ చౌకగా ఉన్న దేశానికి ఫ్యాక్టరీని తరలిస్తే ఇంతకన్నా ఏమంటాం?

అనువాదకురాలు:

మల్లన్నని తప్పకుండా వాడుకుంటాను! నా వ్యాసంలో సరిగ్గా అలాంటిదే ఒకటుంది. కాకపోతే అక్కడ తప్పు ఎవరిదో తేల్చడం కష్టం.

బ్రిటిష్ లేలాండ్ అనే కార్ల కంపెనీని 1975లో బ్రిటన్ జాతీయం చేసింది. ఏళ్ళ తరబడి డబ్బు పోశారు. 1988లో ప్రైవేటుకి అమ్మారు, 1994లో జర్మనీ కంపెనీ బీఎండబ్ల్యూ కొంది. 2000లో ఆ కంపెనీ లాంగ్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీతో సహా రోవర్ (లేలాండ్‌కి తర్వాత పెట్టిన పేరు) కార్ల వ్యాపారాన్ని వదిలించుకుంది. ఎంతకి? 10 పౌండ్లకి. 2005 ఏప్రిల్‌లో అదీ కూలిపోయింది, ఆరువేల చిల్లర ఉద్యోగాలు పోయాయి. ఆ ఏడాదే చైనాలోని నాన్‌జింగ్ కంపెనీ, రోవర్ వాళ్ళ కార్లలో ఒక రకమైన ఎంజీ పేరునీ యంత్రాల్నీ కొనుక్కుంది. నట్లు బోల్టులు విప్పి, యంత్రాలకి గుర్తులు వేసి, పెట్టెల్లో సర్ది ఓడల్లో పంపారు. ఇవాళ అదే పేరుతో చైనాలో తయారైన కార్లు బ్రిటన్‌లో దిగుతున్నాయి.

ఇక్కడ నాకు ఒళ్ళు జలదరించింది ఒక మాట దగ్గర. 'ఎగుమతి' అని రాశాను. అందులో ఉన్నది 'ఎగు', పైకి లేవడం. సరుకు ఓడలోకి ఎక్కించడమే ఎగుమతి, దించడం దిగుమతి. తమిళంలోనూ అంతే, ఏట్రుమది, ఇరక్కుమది. కన్నడంలో మాత్రం పారసీక మాటలు తెచ్చుకున్నారు. రఫ్తు అంటే పోయినది, ఆమదు అంటే వచ్చినది. లెక్కల పుస్తకం భాషలో ఎగుమతి పెరిగితే మంచి వార్త. కార్లు ఎక్కించాల్సిన ఓడలోకి ఆ కార్లు చేసే ఫ్యాక్టరీనే ఎక్కించారు. మన మాట ప్రకారం అదీ ఎగుమతే!

లేత్ మెషిన్:

మేడమ్, మా టార్పాలిన్ కింది మెషిన్లు అలా కూడా పోలేదు. పాత ఇనుము ధరకి తూకం వేసి పట్టుకెళ్ళారు.

ఎకనామిక్స్ మాస్టారు:

ఈ ముక్క చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. అయినా ఒక విషయం చెప్పాలి. అన్ని ఉద్యోగాలూ ఓడల్లోనే పోలేదు. అమెరికాలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు 1979లో శిఖరానికి చేరాయి, సుమారు 1.95 కోట్లు. 2010 మొదట్లో సుమారు 1.15 కోట్లు. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక పడిపోవడం బాగా జోరందుకుంది, అది నిజం. కానీ ఉద్యోగాలు తగ్గినంతగా ఉత్పత్తి తగ్గలేదు. పదిమంది చేసే పనిని ముగ్గురితో చేయించే యంత్రాలు వచ్చాయి. అందుకే 'తయారీ రంగం క్షీణించింది' అని ఊరుకోవద్దు. క్షీణించింది చేసే సరుకా, చేసే మనుషులా? ఇంగ్లీషు రచయిత 'డిక్లైన్' అని తప్పించుకున్నాడని మనమూ తప్పించుకోవాలా?

ఇంకో కితకిత. క్రైస్లర్ గట్టెక్కడంలో పూచీ ఒక్కటే పనిచేయలేదు. 1981లో జపాన్ ఏడాదికి 16.8 లక్షల కార్లకు మించి అమెరికాకు పంపనని ఒప్పుకుంది. దాని పేరు 'స్వచ్ఛంద ఎగుమతి నియంత్రణ'. అమెరికా వెనక నిలబడి మెడ వంచితే జపాన్ 'స్వచ్ఛందంగా' తల ఊపింది! నేనైతే ఆ మాటను కొటేషన్లలో పెట్టకుండా రాయను. పంపేవి తక్కువయ్యాయి కాబట్టి జపాన్ ఖరీదైన కార్లు పంపడం మొదలెట్టింది, అమెరికాలో కార్ల ధరలు పెరిగాయి. ఆ భారం మోసింది కొనుక్కున్నవాళ్ళు. ఖజానా లెక్కలో అది కనబడదు కాబట్టి దాన్నెవరూ బెయిలవుట్ అనలేదు. హోండా అయితే 1982లో ఒహాయో రాష్ట్రంలోనే కార్లు చేయడం మొదలుపెట్టింది. పడవను అడ్డుకుంటే ఆ కంపెనీ గట్టు మీదికే వచ్చి కూర్చుంది.

అనువాదకురాలు:

మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది గానీ పత్రికవాళ్ళ కష్టం కూడా చూడండి. వార్త రాసే రోజున పడవ గట్టు చేరుతుందో లేదో ఎవరికి తెలుసు? ఎనిమిదేళ్ళు ఆగి క్రియాపదం ఎంచుకోలేం కదా. పైగా తెలుగులో 'గట్టెక్కించే ప్రయత్నం' అంటే మీ అభ్యంతరం సగం తీరిపోతుంది. ఆ 'ప్రయత్నం' వదిలేస్తేనే చిక్కు.

ఎకనామిక్స్ మాస్టారు:

సరే, ఒప్పుకున్నాను. కానీ ఆ 'ప్రయత్నం' శీర్షికలో పట్టదు, చూడండి, మొదట ఎగిరిపోయేది అదే.

అనువాదకురాలు:

మొత్తానికి ఇలా చేశాను. ప్రభుత్వం అప్పుకి హామీ ఇచ్చిన చోట 'పూచీ'. డబ్బు నేరుగా పోసిన చోట 'ఆదుకోవడం'. ఫలితం తెలిసిపోయిన క్రైస్లర్ దగ్గర మాత్రం 'గట్టెక్కించింది'. లేలాండ్ భాగానికి 'చిల్లు పడవలో ముప్ఫై ఏళ్ళు' అని ఉపశీర్షిక పెట్టాను. నిన్న ఎడిటర్‌కి పంపితే ఇవాళ ప్రూఫులు వచ్చాయి. పూచీ, ఆదుకోవడం, గట్టెక్కించడం, అన్నిటినీ ఒక్క దెబ్బతో 'బెయిలవుట్ ప్యాకేజీ' చేసేశారు. ఉపశీర్షిక ఒక్కటే మిగిలింది.