పాత స్విఫ్ట్ డీజిల్: పొద్దున గడగడ, వేడెక్కాక టక్ టక్. కొనొచ్చా?

కొత్త_బేరం: 2014 స్విఫ్ట్ వీడీఐ, 1.3 డీడీఐఎస్ డీజిల్ ఇంజన్, కిలోమీటర్ల రీడింగ్ 1,38,000. రాత్రంతా ఆగిన బండికి సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు సెకన్లు గడగడ, తర్వాత మామూలే. బాగా వేడెక్కాక రేస్ చేసి వదిలితే కింద ఎక్కడో టక్ టక్. ఓనరేమో డీజిల్ అంటే అంతే అంటున్నాడు.

పాత_పానా: ఇవి రెండు వేర్వేరు శబ్దాలు, కలపకండి. పొద్దున వచ్చేది టైమింగ్ చైన్. ఈ స్విఫ్ట్‌లో ఉన్నది ఫియట్ ఇంజన్, అందులో చైన్‌ని బిగించి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. రాత్రికి ఆయిల్ కిందికి దిగిపోతే, ప్రెషర్ అందేదాకా చైన్ వదులుగా ఊగుతుంది. రెండు సెకన్లలో ఆగితే కొంపలేం మునగవు. ఐదారు సెకన్లు సాగినా, వేడి మీద కూడా వినిపించినా చైన్ సాగినట్టో, టెన్షనర్ పోయినట్టో. గేర్‌బాక్స్‌కి అవతల, బెల్ట్ వైపు కవర్‌కి పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వినండి. బెల్ట్‌కి చెయ్యి దూరంగా. స్కానర్‌లో (బండి కంప్యూటర్‌కి తగిలించి లోపాల కోడ్లు చదివే పరికరం) పి0016 కోడ్ ఉంటే, ఆ చైన్ కలిపే క్యాం (వాల్వులు తెరిచేది), క్రాంక్ (పిస్టన్లు తిప్పేది) లెక్క తప్పిందన్నమాట.

అసలు చూడాల్సింది రెండోది.

బేరాల_బాబాయ్: పానా అన్నా, కుర్రాణ్ణి భయపెట్టకు. టాపెట్లు (వాల్వుల దగ్గర సందు లేకుండా చూసేవి) అయ్యుంటాయి. ఆయిల్ తారులా అయితే హైడ్రాలిక్ టాపెట్లు నిండవు. మూడు లీటర్ల పైచిలుకు ఆయిల్, ఒరిజినల్ ఫిల్టర్ వేసి 500 కిలోమీటర్లు తిప్పితే సగం శబ్దాలు వాటంతటవే పోతాయి.

పాత_పానా: టాపెట్ చప్పుడు పైన హెడ్ కవర్ దగ్గర వస్తుంది, క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా దాని తీరు పెద్దగా మారదు. ఇక్కడ వదిలినప్పుడే కింద నుంచి వస్తోంది. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ మీద అనుమానపడాల్సిందే.

డీజిల్_సుబ్బు: ఇంత చర్చెందుకు? ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి చూడండి. ఏది వదిలితే చప్పుడు తగ్గుతుందో అదే సిలిండర్.

పాత_పానా: సుబ్బుగారూ, అది అంబాసిడర్ డీజిల్‌కి. ఇది కామన్ రైల్, అంటే అన్ని ఇంజెక్టర్లకీ ఒకే పైపు నుంచి డీజిల్ అందుతుంది, లోపల ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది. ఆ డీజిల్ చర్మంలోకి దిగితే చెయ్యి పోతుంది. దయచేసి ఎవరూ చెయ్యకండి.

డీజిల్_సుబ్బు: సరే, ఇంజెక్టర్ కనెక్టర్ పీకితే?

పాత_పానా: ఇంజన్ ఆపి పీకి, మళ్ళీ స్టార్ట్ చేసి వినండి. నడుస్తుండగా వద్దు, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) దానికి పంపేది 12 వోల్టులు కాదు, అంతకంటే చాలా ఎక్కువ. స్కానర్‌లో సిలిండర్ కట్ (ఒక్కో సిలిండర్‌కి డీజిల్ ఆపి చూసే పద్ధతి) ఉంటే ఇంకా మేలు.

డీజిల్_సుబ్బు: పీకితే ఇంజెక్టర్ నాక్ (ఇంజెక్టర్ డీజిల్ సరిగ్గా చిమ్మక వచ్చే చప్పుడు) ఆగుతుంది, రాడ్ చప్పుడూ తగ్గుతుంది. మరి ఏం తేలినట్టు? దీనికి జవాబు చెప్పండి ముందు.

గేజ్_చూడు: సిలిండర్ ఏదో తేలింది కదండీ. తర్వాత స్కానర్‌లో ఇంజెక్టర్ కరెక్షన్ విలువలు, అంటే ఒక్కో ఇంజెక్టర్‌కి ఈసీయూ డీజిల్ ఎంత సర్దుతోందో, చూడండి. ఒకటి మాత్రం మిగతా మూడింటికి దూరంగా ఉంటే ఇంజెక్టర్ వైపు మొగ్గు. ఇంజెక్టర్ నాక్ సాధారణంగా చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ. రాడ్ బేరింగ్ అయితే ఆయిల్ వేడెక్కి పలచబడేకొద్దీ పెరుగుతుంది.

రాజు_ఆటో: ఫ్యాన్ బెల్ట్ తీసి అర నిమిషం నడిపి చూశారా? ఆల్టర్నేటర్ పుల్లీ కూడా వింత చప్పుళ్ళు చేస్తుంది. అర నిమిషమే సుమా, నీళ్ళ పంపు ఆ బెల్ట్ మీదే.

బేరాల_బాబాయ్: నేను మొదట్నుంచీ అంటున్నది అదే, తేలికైనవి ముందు. ఆయిల్ మార్చండి.

పాత_పానా: మార్చకండి! సాక్ష్యమంతా పాత ఆయిల్లోనే ఉంది. ఫిల్టర్ ఎలిమెంట్ తీసి, కాగితం బ్లేడుతో కోసి, మడతలు విప్పి ఎండలో చూడండి. నల్లటి మసి మామూలే. మెరిసే పొడి ఉంటే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా రాగి రంగులో మెరిస్తే బేరింగ్ షెల్ అరిగిందని. కొత్త ఆయిల్ పోస్తే ఇదంతా మాయం. అదే 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటిది పోస్తే చప్పుడు కూడా నెల రోజులు మాయం. బేరగాళ్ళు చేసే పని అదేగా.

బేరాల_బాబాయ్: మాట జాగ్రత్త. బేరగాళ్ళందరూ దొంగలా? వచ్చిన ప్రతివాడూ ఫిల్టర్ కొయ్యాలి, చాంబర్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) దింపాలి అంటే ఆ ఆయిల్, సీలెంట్, కూలీ ఎవడిస్తాడు? అంతా విప్పించి, ఇంటికెళ్ళి ఫోన్ ఎత్తడు. ఆ బండి నా షెడ్డులో అలాగే పడుంటుంది.

పాత_పానా: ఇప్పుడొచ్చింది అసలు మాట! టాపెట్టా, బేరింగా అన్నది కాదన్నమాట మీ బాధ. విప్పే ఖర్చు ఎవరిదన్నది.

బేరాల_బాబాయ్: అవును, అదే. తప్పేముంది?

గేజ్_చూడు: తప్పు లేదండీ. ఫిల్టర్, ఆయిల్ కొనేవాడే తెచ్చుకోవాలి. లోహం కనిపించకపోతే మెకానికల్ గేజ్ పెట్టి ఆయిల్ ప్రెషర్ చూడాలి. బాగా వేడి మీద ఐడిల్‌లో ఒక బార్ దగ్గర్లో కూడా లేకపోతేనే చాంబర్ సంగతి. ఆ కూలీ సగం సగం, ముందే మాట్లాడుకుని.

డీజిల్_సుబ్బు: నా ప్రశ్నకి పానాగారు ఇంకా జవాబివ్వలేదు.

కొత్త_బేరం: ఫిల్టర్, ఆయిల్ నేనే తెస్తానన్నా ఓనర్ ఒప్పుకోలేదండీ. విప్పకుండా తీసుకుంటే 15 వేలు తగ్గిస్తాడట.

రాజు_ఆటో: ఏ పార్టు కోసం తగ్గిస్తున్నాడో అడిగి ఇక్కడ రాయండి.