గ్రైమ్స్: విజన్స్ నుంచి ఆర్ట్ ఏంజెల్స్‌కి రావడం ఎదుగుదలా, రాజీనా?

రాత్రిరేడియో: నా ఓటు రాజీకే. గ్రైమ్స్ కెనడా గాయని, ఇంటర్నెట్‌లోనే జనానికి తెలిసింది, తన మ్యూజిక్‌ని తనే పోస్ట్ ఇంటర్నెట్ అని చెప్పుకుంది, అంటే నెట్‌లో దొరికే అన్నిరకాల పాటలూ వింటూ పెరిగినవాళ్ళ మ్యూజిక్ అని. 2012 ఆల్బమ్ విజన్స్‌ని మాంట్రియల్ అపార్ట్‌మెంట్‌లో కిటికీలు కప్పేసుకుని గ్యారేజ్‌బ్యాండ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో మూడు వారాల్లో చేసింది. మాటలు సగం అర్థం కావు, గొంతు మీద గొంతు పేర్చుకుంటూ పోతుంది, పక్కగదిలో ఎవరో తమకోసం పాడుకుంటుంటే విన్నట్టుంటుంది. 2015 ఆల్బమ్ ఆర్ట్ ఏంజెల్స్‌కొచ్చేసరికి గిటార్లు, తళతళలాడే పాప్ కోరస్‌లు. నాకు నచ్చిన మనిషి అందులో దొరకలేదు.

చిన్నిసింత్: మీరు వెతికే చోటు వేరండీ. ఆర్ట్ ఏంజెల్స్‌కి ఆవిడ బయట ప్రొడ్యూసర్‌ని పెట్టుకోలేదు, గిటార్, వయొలిన్ దానికోసమే నేర్చుకుంది, కవర్ బొమ్మ కూడా తనే వేసింది. రాజీపడేవాళ్ళు ఇంత పని నెత్తినేసుకుంటారా? అందులో స్క్రీమ్ పాటలో తైవాన్ రాపర్ అరిస్టోఫేనీస్ మాండరిన్‌లో రాప్ చేస్తుంటే మధ్యలో గ్రైమ్స్ గొంతు చించుకుని అరుస్తుంది, కిల్ వి మెయిమ్‌లో చీర్‌లీడర్ల కేకల్లా ముద్దుగా పలికే ముక్క కాస్తా గాండ్రింపులోకి తిరుగుతుంది. విజన్స్‌లో రెవర్బ్ (గొంతు మారుమోగే ఎఫెక్ట్) వెనక దాక్కున్న వింతకి ఇక్కడ లైటేసినట్టు ఉంటుంది నాకైతే.

కొత్తశ్రోత: మరి రియాలిటీ పాట సంగతి? గ్రైమ్స్ మధ్యలో వదిలేసిన ఆల్బమ్‌లో డెమో (నమూనా రికార్డింగ్) అది, 2015 మార్చిలో ఆసియా టూర్ వీడియోతో పెట్టింది, తర్వాత ఆర్ట్ ఏంజెల్స్‌కి మళ్ళీ చేసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని విన్నా, కొత్తదాంట్లో బీట్ గట్టిపడింది, గొంతు ముందుకొచ్చింది, డెమోలో మసక మసగ్గా ఉన్న ఆ బెంగ మాత్రం పోయింది.

చిన్నిసింత్: రియాలిటీ విషయంలో నేనూ డెమో పక్షమే. కానీ అసలు పాప్ ఆవిడకి 2015లో అంటుకుందా? విజన్స్‌లో ఆబ్లివియన్ వినండి, తన మీద జరిగిన దాడి గురించి రాసిన పాట, ఊగిపోయే ఆ బాస్ లూప్ వింటే ఆ సంగతి ఎవరికి తడుతుంది? రాత్రి ఒంటరిగా నడవాలంటే ఉండే భయం అందులో ఉందని నాకు ఎన్నోసారో విన్నాక గానీ తెలీలేదు, తెలిశాక చాలాసేపు ఇంకేం వినబుద్ధి కాలేదు.

రాత్రిరేడియో: ఆబ్లివియన్ పాయింట్ ఒప్పుకుంటున్నా, అది మొదట్నుంచీ పాపే. నాకు పోయింది ఆ మసకే అనుకుంటా, మాటలు స్పష్టంగా వినబడుతుంటే నేను ఊహించుకోడానికి చోటు ఉండట్లేదు. స్క్రీమ్ ఇవాళ మళ్ళీ వింటా, ఈసారి సౌండ్ పెద్దగా పెట్టి.