బతుకమ్మ ఎత్తుకున్న బొమ్మ: చీరకు పెట్టిన రెజిన్ జిగట పోతలేదు

కుచ్చిళ్లు, హన్మకొండ
బొమ్మ 14 అంగుళాలు. లోపల 10 గేజీ జీఐ వైరు, మీద అల్యూమినియం ఫాయిల్, మాస్కింగ్ టేపు. చీరకు కొత్త కాటన్ ముక్క. 200 గ్రాముల పాలిస్టర్ రెజిన్‌ల పది చుక్కల క్యాటలిస్ట్ (రెజిన్‌ను గట్టిపరిచే మందు) వేసి, బట్ట ముంచి కట్టిన. రెండు రోజులైనా వేలికి అంటుకుంటున్నది. కుచ్చిళ్లు జారి కాళ్లకాడ ముద్దయినయి. తలమీది బతుకమ్మ థర్మకోల్‌ది, సగం కరిగింది. బట్ట ఊడబీకాల్నా?

ఫైబర్ పని, కాజీపేట
థర్మకోల్ కరగాల్సిందే తమ్మీ. పాలిస్టర్ రెజిన్‌ల స్టైరీన్ అనే ద్రావకం ఉంటది, అది థర్మకోల్‌ను తింటది. బతుకమ్మను ఫాయిల్ ఉండతోనో, పేపరు గుజ్జుతోనో చెయ్యి.

ఇగ జిగట. క్యాటలిస్ట్ రెజిన్ బరువుల 1 నుంచి 2 శాతం పడాలె, అంటే 200 గ్రాములకు 2 నుంచి 4 గ్రాములు. పది చుక్కలు అర గ్రాముకు మించవు. చుక్కల లెక్క వదిలెయ్, 0.1 గ్రాము చూపే చిన్న కాంటా కొనుక్కో. మే ఎండలల్ల 1 శాతం చాలు, ముసురు పట్టినప్పుడు 2 దాకా పోవచ్చు.

ఊడబీకేముందు గోరుతో గట్టిగ నొక్కి చూడు. లోపల గట్టిగుండి పైపొరే అంటుకుంటే అది గాలి తగిలిన జిగట. పాలిస్టర్ పల్చగ పూస్తే పైన గట్లనే ఉంటది. అసిటోన్ గుడ్డతో తుడిచి, మైనం కలిపిన రెజిన్ ఒక పూత వెయ్యి. గోరు లోపలికి దిగితే మాత్రం రెజిన్ ఉడకలే. ఒక మధ్యాహ్నం ఎండల పెట్టి చూడు, అప్పటికీ మెత్తగుంటే తీసెయ్యాలె. పైన ఉత్త క్యాటలిస్ట్ రుద్దితే లోపలికి పోదు.

కోబాల్ట్ (రెజిన్ తొందరగ గట్టిపడేందుకు వేసే మందు) విడిగ కొంటే ముందు దాన్ని రెజిన్‌ల బాగ కలిపి, తర్వాతే క్యాటలిస్ట్ పొయ్యాలె. ఆ రెండూ నేరుగ కలిస్తే పేలుతది. క్యాటలిస్ట్ కంట్ల పడితే చూపే పోవచ్చు, కళ్లద్దాలు లేకుండ సీసా మూత తియ్యకు.

దర్జీ అక్క, కరీంనగర్
రెజిన్ సంగతి ఆయన చెప్పిండు, నేను బట్ట సంగతి చెప్త. కొత్త బట్టల గంజి ఉంటది, రెజిన్‌ను పీల్చనియ్యదు. వేడినీళ్ల సబ్బుపెట్టి ఉతికి, బాగ ఎండబెట్టి, ఇస్త్రీ చెయ్యి. తడి మిగిలితే తెల్లమచ్చలొస్తయి. అన్నిటికన్న పాత మల్లు ధోతి మంచిది. పాలిస్టర్ బట్ట పీల్చదు, దాని జోలికి పోకు.

చీర మొత్తం చుట్టిన్రా? ఈ కొలతకు ఐదున్నర మీటర్ల చీర అంటే మీటరుంబావు పొడుగు, పదంగుళాల వెడల్పు. బట్ట మందం మాత్రం తగ్గదు గద, నడుము డ్రమ్ములెక్క అయితది. ముక్కలుగ కట్టాలె: నడుము చుట్టూ ఒక పొర, కుచ్చిళ్లకు వేరే ముక్క, కొంగుకు ఇంకొకటి. కొంగు ముక్కను క్రాస్‌గ కత్తిరిస్తే మడతలు సాఫుగ పడ్తయి. కుచ్చిళ్లు ఐదు చాలు, పొడిగున్నప్పుడే మడిచి పైన దారంతో కుట్టెయ్యండి. ముంచినంక రెండు వేళ్లమధ్య పిండాలె, కారుతున్న బట్ట నిలబడదు. మడతలమధ్య పాలిథిన్ చుట్టిన అగరబత్తి పుల్లలు పెడితే జారవు, గట్టిపడ్డంక గుంజెయ్యొచ్చు.

కుచ్చిళ్లు, హన్మకొండ
గోరు దిగింది, తీసేస్తున్న. ముందు ఫెవికాల్‌తో మడతలు నిలబెట్టి, మీద రెజిన్ పూస్తే?

దర్జీ అక్క, కరీంనగర్
చెయ్యొచ్చు. ఒక పాలు ఫెవికాల్‌కు నాలుగు పాళ్ల నీళ్లు, అంతకన్న చిక్కగ వద్దు. ఒక రోజు ఆరనియ్యండి.

ఫైబర్ పని, కాజీపేట
నాకు నచ్చదక్కా. ఫెవికాల్ పోగుల సందులు మూసేస్తది, రెజిన్ పైననే నిలిచి పెచ్చులు లేస్తది. దానికన్న ఎపాక్సీ అనే వేరే రెజిన్ తీసుకో తమ్మీ. వాసన తక్కువ, థర్మకోల్ కరగదు, పల్చటి పూత కూడ గట్టిపడ్తది. రెజిన్, హార్డెనర్ డబ్బామీద రాసిన పాళ్లల్లనే కలపాలె, గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే మెత్తగనే మిగుల్తది. కలిపినంక తేనె చిక్కదనం వచ్చేదాక ఆగి బట్ట ముంచు, కుచ్చిళ్లు అప్పుడు నిలబడ్తయి. 50 గ్రాములకు మించి ఒక్కసారి కలపకు, గిన్నెల ఉంటే వేడెక్కి పొగలొస్తది. వెడల్పు పళ్లెంల పోసుకుంటే టైం దొరుకుతది. వానకాలం పైన జిడ్డులెక్క తెల్లపొర వస్తే గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, 220 నంబరు గరుకు కాగితం రుద్ది రంగెయ్యి. రుద్దకుండ వేస్తే తంగేడు పసుపు నెలకే ఊడుతది. చేతులకు నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. ఎపాక్సీ ఒక్కసారి పడకపోతే తర్వాత ముట్టుకున్నప్పుడల్లా దద్దుర్లే.

దర్జీ అక్క, కరీంనగర్
గునుగు పూలకు తెల్ల ఊలు దారం సన్నగ కత్తిరించి, చివర్లకు మాత్రం గులాబీ అద్దండి. రెజిన్‌ల ముంచకండి, పుల్లలెక్క అయితయి.