సిద్ధూ అంటే గోత్రమా, ఇంటిపేరా? లగ్నపత్రికలో ఏం రాయించాలి?

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి పెళ్ళి కుదిరింది. అమ్మాయి వాళ్ళది పంజాబ్‌లో బఠిండా వైపు, జాట్ సిక్కులు. నిన్న లగ్నపత్రిక రాయిద్దామని కూర్చుంటే పంతులుగారు పెళ్ళికూతురి గోత్రం అడిగారు. ఫోన్ చేసి స్పీకర్‌లో పెడితే వాళ్ళ నాన్నగారు "సిద్ధూ" అన్నారు. అది ఇంటిపేరు కదండీ, గోత్రం చెప్పండి అంటే మళ్ళీ "సిద్ధూ జీ, సిద్ధూ!" పంతులుగారు పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయారు. పైగా బ్రార్లు కూడా మావాళ్ళే అంటారాయన. అసలు వీళ్ళెవరు, ఎక్కడివాళ్ళు? మా అమ్మకు ఒకటే టెన్షన్.

జవాబు: సిద్ధుడని ఎవరో ఋషి ఉండే ఉంటాడు, సిద్ధ గోత్రం అని రాయించెయ్యండి.

జవాబు: అక్కా, పై సలహా వినకండి. లూధియానాలో ఆరేళ్ళు ఉద్యోగం చేశాను కాబట్టి చెబుతున్నా. వాళ్ళు 'గోత్' అంటారు, మాట గోత్రానిదే కానీ ఋషితో సంబంధం లేదు, అది వంశం పేరు, మన ఇంటిపేరుకు దగ్గర. కొందరు దాన్ని వదిలేసి ఊరి పేరు తగిలించుకుంటారు. ముఖ్యమంత్రిగా చేసిన ప్రకాశ్ సింగ్ బాదల్ గోత్ ధిల్లాన్, బాదల్ ఆయన ఊరు. సింగర్ సిద్ధూ మూసేవాలాకి రెండూ ఉన్నాయి, మాన్సా జిల్లాలో మూసా వాళ్ళ ఊరు.

ఇక మూలం. జైసల్మేర్ కట్టించిన భాటి రాజపుత్రుడు జైసల్ సంతతిలో ఒకాయన జాట్ అమ్మాయిని చేసుకున్నాడనీ, వాళ్ళ కొడుకే సిద్ధూ అనీ, ఆ సంతతిలోనే తర్వాత బ్రార్ పుట్టాడనీ వాళ్ళు చెప్పుకుంటారు. రాజ్యాలు వచ్చాక రాజపుత్ర మూలం చెప్పుకోవడం పరువు కదా, నేనైతే సగమే నమ్ముతా. రాజ్యాల మాట మాత్రం నిజం. 17వ శతాబ్దంలో ఇదే వంశంలో ఫూల్ అనే ఆయన ఉండేవాడు, పటియాలా, నాభా, జీంద్ రాజులు ముగ్గురూ ఆయన సంతతే, ఫరీద్‌కోట్ వాళ్ళు బ్రార్లు. 1948లో ఈ నాలుగూ పెప్సూ, అంటే అక్కడి సంస్థానాలను కలిపి చేసిన అప్పటి రాష్ట్రంలో కలిశాయి. బఠిండా జిల్లాలో రామ్‌పురా ఫూల్ స్టేషన్ ఉంది చూడండి, ఆ ఫూల్ ఈయనే.

సట్లెజ్‌కు దక్షిణాన మాల్వా అంతా వీళ్ళు ఎక్కువ, మోగా, ముక్త్‌సర్, మాన్సా, రాజస్థాన్‌లో గంగానగర్ దాకా. పాకిస్తాన్ పంజాబ్‌లో ముస్లిం సిద్ధూలున్నారు, కెనడా సంగతి చెప్పక్కర్లేదు.

గురుద్వారాలో ఆనంద్ కారజ్‌కు, అంటే సిక్కుల పెళ్ళికి, గోత్రంతో పనిలేదు, వాళ్ళ పవిత్ర గ్రంథం గురుగ్రంథ్ సాహిబ్ చుట్టూ నాలుగు లావాలు (ప్రదక్షిణలు) తిరుగుతారు, అంతే. మన వైపు ప్రవరకు మాత్రం కావాలి. గోత్రం తెలియనివాళ్ళకు కాశ్యప గోత్రం చెప్పడం మనలో ఉన్నదే, ఇంటిపేరు చోట సిద్ధూ రాయించమని పంతులుగారిని అడగండి. ఒక్క జాగ్రత్త, వాళ్ళు తండ్రి గోత్‌లోనే కాదు, తల్లి గోత్‌లోనూ సంబంధం చేసుకోరు. మేనరికాల గురించి వాళ్ళ ముందు మాట్లాడకండి.

థాంక్స్ తమ్ముడూ. కాశ్యప అనే రాశారు, ఇంటిపేరు సిద్ధూ. మేనరికం సంగతే ఆలస్యమైంది. "మావాడికి మేనమామ కూతుర్నే అనుకున్నాం" అని మా పెద్దత్త మొన్ననే చెప్పేసింది. వియ్యంకుడు గారు మా హిందీలో ఏదో తప్పుందనుకుని రెండుసార్లు అడిగారు.